రొట్టెల బండి తోసిన కుర్రాడు



జిల్లా స్థాయి అథ్లెటిక్స్ ఎంపికలు దగ్గర పడితే చాలు, పీఈటీ సార్ల ఫోన్లకు ఒకేరకం ప్రశ్నలు వస్తుంటాయి. మా వాడు మూడు వేల మీటర్లు పరిగెత్తుతున్నాడు, చివరి రెండు రౌండ్లలో నీరసపడిపోతున్నాడు, ఏ పౌడర్ ఇమ్మంటారు? మా అమ్మాయికి స్టామినా రావాలంటే ఏ మాత్రలు వాడాలి? డబ్బా ఖరీదు వేలల్లో ఉన్నా మీలో చాలామంది వెనకాడరు. పిల్లల మీద ప్రేమతో అడిగే ప్రశ్నే అది, అందులో తప్పేమీ లేదు. జవాబు మాత్రం ఒక్క ముక్కలో చెప్పేది కాదు. అందుకే ఈ నెల మీకు ఒక పరుగువీరుడి జీవితం చెబుతున్నాం. ఆయన పేరు పావో నుర్మి. ఒలింపిక్స్‌లో తొమ్మిది బంగారు పతకాలు, మూడు వెండి పతకాలు గెలిచిన ఫిన్లాండ్ దేశస్థుడు. ఆయన కథలో పేదరికం ఉంది, రొట్టె ఉంది, ఒక మాత్రల ప్రకటన కూడా ఉంది. మీరు ఊహించని ఒక కొడుకు కథ కూడా ఉంది.

నుర్మి 1897 జూన్ 13న ఫిన్లాండ్‌లోని తుర్కు పట్టణంలో పుట్టాడు. అప్పటికి ఫిన్లాండ్ ఇంకా రష్యా చక్రవర్తి ఏలుబడిలోనే ఉంది. తండ్రి వడ్రంగి. 1903లో ఆ కుటుంబం నలభై చదరపు మీటర్ల చిన్న ఇంట్లోకి మారింది. మన లెక్కలో చెప్పాలంటే ఒక సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కన్నా చిన్నది. ప్రపంచమంతా పేరు మోగిన తర్వాత కూడా, 1932 వరకు ఆయన చిరునామా అదే.

ఊరి పిల్లలతో కలిసి ఆరు కిలోమీటర్ల దూరంలోని రుయిస్సలో అనే చోటుకు ఈతకు వెళ్లేవాడు. నడిచో, పరిగెత్తో వెళ్లడం, మళ్లీ అలాగే తిరిగి రావడం. కొన్ని రోజుల్లో రెండుసార్లు. పదకొండేళ్లకే 1,500 మీటర్లు 5 నిమిషాల 2 సెకన్లలో పరిగెత్తాడు. కోచ్ లేడు, షెడ్యూల్ లేదు. ఆటే అతని శిక్షణ.

1910లో తండ్రి చనిపోయాడు. మరుసటి ఏడాది ఒక చెల్లెలు చనిపోయింది. ఇల్లు గడవక వంటగదిని మరో కుటుంబానికి అద్దెకిచ్చి, తల్లీ పిల్లలూ ఒక్క గదిలో సర్దుకున్నారు. చదువులో చురుకైన పావో బడి మానేసి ఒక బేకరీలో పనికి కుదిరాడు. ఇవాళ మన ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లల వయసు. బండి నిండా సరుకు వేసుకుని తుర్కు పట్టణంలోని నిట్టనిలువు వీధుల్లో ఎగువకు తోసుకుంటూ పోవడం అతని ఉద్యోగం. తన కాళ్లకూ నడుముకూ బలం ఆ ఎత్తుల్లోనే వచ్చిందని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నాడు.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఇలాంటి కథలు చెప్పేటప్పుడు పేదరికాన్ని పొగిడేయడం మనకు అలవాటు. బాల కార్మికుడిగా బండి తోస్తేనే ఛాంపియన్ అవుతారని మేం చెప్పడం లేదు. ఆ బడి చదువు పోవడం పావోకు నష్టమే. గమనించాల్సింది మరొకటి ఉంది. ఆ కుర్రాడి శరీరం బరువుకూ దూరానికీ ఏళ్ల తరబడి, కొద్దికొద్దిగా అలవాటు పడింది. గుండె ఒక్కో కొట్టుకి పంపే రక్తం పెరగడం, కండరంలో సన్నని రక్తనాళాలు అల్లుకోవడం, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా సంఖ్య పెరగడం... మనం స్టామినా అని పిలిచేది వీటన్నిటినీ కలిపి. ఇవి నెలలు, ఏళ్లు తీసుకునే పనులు. ఏ డబ్బా మూత తీసినా అవి మూడు వారాల్లో జరగవు.

1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ జరిగాయి. హన్నెస్ కోలేమైనెన్ అనే ఫిన్లాండ్ పరుగువీరుడు అక్కడ మూడు బంగారు పతకాలు గెలిచాడు. తుర్కులో పదిహేనేళ్ల పావోకు ఆ వార్త నిద్రపట్టనివ్వలేదు. కొద్ది రోజులకే తన జీవితంలో మొదటి జత పరుగు బూట్లు కొనుక్కున్నాడు. వేసవిలో అడవి దారుల్లో పరుగు, చలికాలంలో మంచు మీద స్కీయింగ్. 1914లో ఊరి క్రీడా సంఘంలో చేరి 3,000 మీటర్లలో తన మొదటి పోటీ గెలిచాడు.

మరి ఏం తినేవాడు? మీకు కావాల్సిన ప్రశ్న ఇదే కదా. టీనేజీలో కొన్నేళ్లపాటు పావో మాంసం ముట్టలేదు. కాఫీ, టీ, మద్యం, పొగాకు కూడా లేవు. అతను ఆరాధించిన కోలేమైనెన్ కూడా శాకాహారే. ఆ దేశంలో ప్రధాన ఆహారం రై అనే ధాన్యంతో చేసే నల్ల రొట్టె. మన జొన్న రొట్టెలాగా పొట్టుతో సహా పిండి పట్టించి చేసేది. తర్వాతి రోజుల్లో ఫిన్లాండ్ వాళ్లు వరుసగా గెలుస్తుంటే విదేశీ పత్రికలు కారణాల కోసం వెతికాయి. నల్ల రొట్టె అన్నారు, ఎండు చేప అన్నారు, పులిసిన పాలు అన్నారు, ఆవిరి స్నానం అన్నారు. గెలిచినవాడి కంచంలోకి తొంగిచూడటం ఇవాళ మొదలైన జబ్బు కాదు.

ఆ రొట్టెలో మాయ ఏమీ లేదు, పిండిపదార్థం ఉంది. పరుగుకు ముఖ్యమైన ఇంధనం అదే. నుర్మి ఒలింపిక్స్ గెలుస్తున్న 1924లోనే అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో వైద్యులు పరుగు పూర్తిచేసిన వారి రక్తంలో చక్కెర కొలిచారు. కొందరిలో అది ప్రమాదకరంగా పడిపోయింది. మరుసటి ఏడాది పరుగుకు ముందు పిండిపదార్థాలు బాగా తినిపించి, దారిలో మిఠాయి బిళ్లలు ఇచ్చి మళ్లీ కొలిస్తే చక్కెర నిలబడింది, మనుషులూ నిలబడ్డారు. 1967లో స్వీడన్ పరిశోధకులు కండరంలోంచి సూదితో చిన్న ముక్క తీసి మరీ చూపించారు. కండరంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ ఎంత ఎక్కువ ఉంటే మనిషి అంతసేపు అలసిపోకుండా పనిచేస్తాడు. ఆ గ్లైకోజెన్ తయారయ్యేది మీ ఇంటి అన్నంలోంచి, ఇడ్లీలోంచి, అటుకుల్లోంచి, అరటిపండులోంచే. లావు అవుతాడని అన్నం తగ్గించి, ఆ స్థానంలో ప్రొటీన్ షేక్ ఇస్తున్న ఇళ్లు ఉన్నాయి. దూరం పరిగెత్తే పిల్లవాడికి అది బండిలో పెట్రోలు తీసేసి రంగు వేయించడంలాంటిది.

టీ, కాఫీల సంగతి మాత్రం ఆసక్తికరం. పావో వాటిని ఎందుకు మానేశాడో గానీ, మన పిల్లల విషయంలో దానికి ఒక గట్టి కారణం ఉంది. టీలో, కాఫీలో ఉండే కొన్ని పదార్థాలు ఆకుకూరలు, పప్పులు, ధాన్యాల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. భోజనంతోపాటు లేదా భోజనమైన వెంటనే టీ తాగితే తిన్న తోటకూరలో ఇనుము చాలావరకు వృథా. అదే ముద్దలో నిమ్మకాయ పిండినా, పక్కన ఉసిరికాయ పెట్టినా ఎక్కువ పడుతుంది. రక్తంలో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్, దానికి కావాల్సింది ఇనుము. అది తగ్గితే పిల్ల మూడో రౌండుకే రొప్పుతుంది. మన జాతీయ ప్రమాణాల ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల అబ్బాయికి రోజుకు 22 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, అదే వయసు అమ్మాయికి 30 మిల్లీగ్రాములు. నెలసరి మొదలైన అమ్మాయి, అందునా రోజూ పరిగెత్తే అమ్మాయి, హఠాత్తుగా నెమ్మదిస్తే బద్ధకం అనకండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్ష చేయించండి. లోపం తేలితే డాక్టర్ రాసిచ్చే ఇనుము మాత్ర నిజంగా పరుగును మెరుగుపరుస్తుంది. లోపం లేని పిల్లకు అదే మాత్ర కడుపునొప్పి, మలబద్ధకం తప్ప ఏమీ ఇవ్వదు. ఎక్కువైతే హాని కూడా. సప్లిమెంట్ల గురించి మేం చెప్పగలిగే అతి ముఖ్యమైన మాట ఇదే: లోటు ఉన్నచోట అది మందు, లోటు లేనిచోట ఖర్చు.

మళ్లీ కథలోకి వద్దాం. 1919లో పావో సైన్యంలో చేరాడు. భుజాన తుపాకీ, వీపున ఇసుక నింపిన సంచి. మిగతావాళ్లు నడిచే దూరాన్ని అతను పరిగెత్తేవాడు. మరుసటి ఏడాది 1920లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కు ఎంపికయ్యారు. అక్కడ మొదటి పోటీ 5,000 మీటర్లు. ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ గిల్మో చేతిలో ఓడిపోయారు. ఒలింపిక్స్‌లో ఫిన్లాండ్ కానివాడి చేతిలో నుర్మి ఓడింది అదొక్కసారే.

మూడు రోజుల తర్వాత 10,000 మీటర్లలో ఇద్దరూ మళ్లీ తలపడ్డారు. ఈసారి జరిగింది తల్లులు, నాన్నలు తప్పక తెలుసుకోవాలి. సాయంత్రం జరగాల్సిన ఆ పరుగును నిర్వాహకులు ఉన్నట్టుండి మధ్యాహ్నానికి జరిపారు. ఆ సంగతి తెలిసేసరికి గిల్మో కడుపునిండా భోజనం చేసి కూర్చున్నాడు. పరుగంతా కడుపు మెలిపెట్టింది. అయినా రెండోవాడిగా గీత దాటాడు, దాటగానే తిన్నదంతా వాంతి చేసుకున్నాడు. బంగారం నుర్మిది. ఇద్దరూ దాదాపు సరిసమానులు. ఆ రోజు తేడా తెచ్చినవాటిలో భోజనం వేళ ఒకటి. మీ పిల్లవాడికి ఉదయం తొమ్మిదికి పోటీ ఉంటే ఆరింటికల్లా ఇడ్లీలో, ఉప్మానో తినిపించి, ఆపైన ఒక అరటిపండుతో సరిపెట్టండి. పోటీ రోజున కొత్త తిండి, కొత్త పౌడర్, కొత్త డ్రింక్ ఏదీ వద్దు. నూనె పూరీలు గెలిచాక తినొచ్చు.

ఆంట్‌వెర్ప్ నుంచి నుర్మి మూడు బంగారాలతో తిరిగొచ్చారు. ఆ విజయం వల్ల తుర్కులోని ఆ చిన్న ఇంటికి కరెంటు, కుళాయి నీళ్లు వచ్చాయి. ఆయనకేమో హెల్సింకిలోని పారిశ్రామిక విద్యాలయంలో చదువుకోవడానికి స్కాలర్‌షిప్ దొరికింది. పదేళ్ల కిందట బడి మానేసిన కుర్రాడు మళ్లీ తరగతి గదిలోకి వెళ్లాడు. పతకాల జాబితాల్లో ఈ సంగతి కనిపించదు. మాకు మాత్రం ఆ స్కాలర్‌షిప్ కూడా ఒక పతకమే.

అక్కడి నుంచి ఆయన శిక్షణ లెక్కలోకి వచ్చింది. చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని పరిగెత్తడం ఆయన ముద్ర. పక్కవాడితో కాదు, గడియారంతో పోటీ. ఒక్కో రౌండు ఎన్ని సెకన్లలో వేయాలో ముందే నిర్ణయించుకుని, మొదట్లో ఉరికి చివర్లో కూలబడకుండా సమంగా పరిగెత్తేవారు. చివరి రెండు రౌండ్లలో నీరసపడే మీ పిల్లవాడి సమస్య చాలాసార్లు ఇదే. మొదటి రౌండు మరీ వేగంగా పరిగెత్తేస్తాడు. దానికి మందు పౌడర్ కాదు, పీఈటీ సార్ చేతిలోని వాచీ. కుర్రతనంలో తాను ఎప్పుడూ ఒకేరకం నెమ్మది దూరాలు పరిగెత్తి వేగాన్ని నిర్లక్ష్యం చేశానని కూడా నుర్మి తర్వాత గుర్తించారు. నడక, వేగపు పరుగులు, వ్యాయామాలు కలిపి పద్ధతి మార్చుకున్నారు. 1923 నాటికి మైలు, 5,000, 10,000 మీటర్ల ప్రపంచ రికార్డులు మూడూ ఒకేసారి ఆయన పేరు మీద ఉన్నాయి.

1924 పారిస్ గురించి ఎంత చెప్పినా తక్కువే. 1,500 మీటర్లు, 5,000 మీటర్ల ఫైనల్స్ ఒకే రోజున, రెండు గంటల తేడా కూడా లేకుండా పెట్టారు. నుర్మి పారిస్ వెళ్లకముందే, జూన్ 19న హెల్సింకిలో ఈ రెండు దూరాలనూ గంట వ్యవధిలో పరిగెత్తి చూసుకున్నారు. రెండింటిలోనూ ప్రపంచ రికార్డులే. పారిస్‌లో జులై 10న రెండు బంగారాలూ గెలిచారు. 5,000 మీటర్లలో తన దేశస్థుడు విల్లే రిటోలాను 0.2 సెకన్ల తేడాతో వెనక్కి నెట్టారు.

రెండు రోజుల తర్వాత క్రాస్‌కంట్రీ. ఆ రోజు పారిస్ నిప్పుల కొలిమి. ఎండ నలభై డిగ్రీలు దాటిందని చెబుతారు. బయలుదేరిన 38 మందిలో గమ్యం చేరింది 15 మందే. దారి తప్పి తూలినవాళ్లు, పడిపోయినవాళ్లు, స్ట్రెచర్ల మీద ఆసుపత్రికి వెళ్లినవాళ్లు. నుర్మి రెండోవాడికన్నా నిమిషంన్నర దాకా ముందు, ఏమీ జరగనట్టు గీత దాటారు. ఆ దృశ్యాలు చూసి భయపడిన నిర్వాహకులు క్రాస్‌కంట్రీని ఒలింపిక్స్ నుంచే తీసేశారు. మరుసటి రోజు నుర్మి 3,000 మీటర్ల జట్టు పరుగు కూడా గెలిచారు.

ఈ ఘట్టాన్ని వీరగాథగా చదువుకోవచ్చు. మేం మాత్రం ఆ 23 మంది గురించి ఆలోచిస్తాం. వాళ్లంతా దేశాల తరఫున వచ్చిన దిట్టలే. వడదెబ్బకు స్టామినాతో పనిలేదు. విజయవాడలో, రామగుండంలో, కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో సమ్మర్ క్యాంపులకు పిల్లల్ని పంపేటప్పుడు సప్లిమెంట్ డబ్బా కన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. ప్రాక్టీసు ఉదయం ఎన్నింటికి ముగుస్తుంది? గ్రౌండ్‌లో నీడ, నీళ్లు ఎక్కడున్నాయి? గంటలోపు ప్రాక్టీసుకు మంచినీళ్లు చాలు. అంతకు మించి చెమటోడిస్తే ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, కొబ్బరినీళ్లు ఉన్నాయి. ఎనర్జీ డ్రింక్ అని రంగు డబ్బాల్లో అమ్మేవి వేరే సరుకు. వాటిలో కెఫీన్ ఉంటుంది. పెద్దల్లో కెఫీన్ పరుగును కొంచెం మెరుగుపరుస్తుందని పరిశోధనల్లో తేలిన మాట నిజమే. కానీ పిల్లలకు, టీనేజర్లకు ఎనర్జీ డ్రింకులు అసలే వద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011లోనే తేల్చిచెప్పింది. గుండె దడ, నిద్రలేమి ఊరికే పోవు. నిద్ర తగ్గితే స్టామినా కూడా తగ్గుతుంది. ఈ వయసులో రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా స్టడీ, పొద్దున్నే అయిదింటికి గ్రౌండ్ అయితే లెక్క ఎక్కడ తేలుతుంది? ఈ లెక్క మీరూ వేయాలి, బడులూ వేయాలి.

1925లో నుర్మి అమెరికా వెళ్లి కొన్ని నెలల్లో 55 పోటీల్లో పాల్గొని 51 గెలిచారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో 10,000 మీటర్ల బంగారం ఆయన తొమ్మిదోది, చివరిది. దాంతోపాటు రెండు వెండి.

ఇప్పుడు ఆ మాత్రల సంగతి. 1930ల మొదట్లో ఫిన్లాండ్ పత్రికల్లో రెజువెన్ అనే మాత్ర ప్రకటనలు వచ్చాయి. యవ్వనం తిరిగి తెచ్చే హార్మోన్ మందుగా దాన్ని అమ్మేవారు. ఆ ప్రకటనలో పావో నుర్మి పేరు ఉంది. అంత పెద్ద పేరు కనబడితే ఏ తండ్రి మాత్రం నమ్మకుండా ఉంటాడు? కానీ తేదీలు ఒకసారి చూడండి. తొమ్మిది బంగారాలూ 1928కే గెలిచేశారు. ప్రకటన ఆ తర్వాత వచ్చింది. పరుగు ముందు, మాత్ర తర్వాత. పైగా టెస్టోస్టెరాన్ అనే హార్మోన్‌ను శాస్త్రవేత్తలు శుద్ధంగా వేరుచేసింది 1935లో. సహజ టెస్టోస్టెరాన్‌ను నోటితో మింగితే కాలేయం చాలావరకు దాన్ని అక్కడే విరగ్గొట్టేస్తుంది. కాబట్టి ఆ రోజుల మాత్రలు ఎంత పనిచేసి ఉంటాయో మీరే ఊహించుకోవచ్చు. ఇవాళ మీ ఫోన్‌లో ఒక క్రికెటరో, సినిమా హీరోనో డబ్బా పట్టుకుని నవ్వుతున్నప్పుడు ఈ తేదీల లెక్క గుర్తుకొస్తే మంచిది.

అప్పటి మాత్రల వల్ల డబ్బులే దండగ. ఇప్పటి డబ్బాల్లో మరో ప్రమాదం ఉంది. జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించింది. వాటిలో 94 డబ్బాల్లో, అంటే దాదాపు ప్రతి ఏడింటిలో ఒకదానిలో, లేబుల్ మీద రాయని స్టెరాయిడ్ తరహా పదార్థాలు దొరికాయి. డోపింగ్ నిబంధనల్లో ఒంట్లో దొరికినదానికి ఆటగాడిదే బాధ్యత. తెలియక తాగాను, మా నాన్న కొనిచ్చాడు అంటే శిక్ష తగ్గవచ్చునేమో గానీ మచ్చ పోదు. ఖేలో ఇండియా లాంటి పోటీల్లో మైనర్ పిల్లల నమూనాలు కూడా తీస్తారు. ఎదిగే వయసులో అలాంటి పదార్థాలు ఎముకల పెరుగుదలను ముందే ఆపేయగలవు, అది పతకం పోవడం కన్నా పెద్ద నష్టం.

ప్రొటీన్ విషయం కూడా తేల్చేద్దాం. రోజూ గట్టిగా ప్రాక్టీసు చేసే 50 కిలోల పిల్లవాడికి రోజుకు సుమారు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ చాలు. రోజు మొత్తంలో మూడొందల గ్రాముల బియ్యంతో వండిన అన్నం, టిఫిన్లలో ఇరవై గ్రాములు వస్తుంది. 60 గ్రాముల కందిపప్పులో 13, రెండు పెద్ద గ్లాసుల పాలలో 16, రెండు గుడ్లలో 12, ఒక గుప్పెడు వేరుశనగల్లో 7. కలిపితే 68. గుడ్డు తినని ఇంట్లో శనగలు, పెసలు, పెరుగు, పనీర్ ఉన్నాయి. ఇంతకన్నా ఎక్కువ ప్రొటీన్ ఇస్తే అది స్టామినాగా మారదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో కూడా కండలు పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే సూచించింది. ఇక్కడ మాకు ఎక్కువ భయం తక్కువ తినే పిల్లల గురించే. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని పూటలు ఎగ్గొట్టే అమ్మాయిలున్నారు. పరిగెత్తే అమ్మాయికి నెలసరి ఆగిపోతే అది ఫిట్‌నెస్‌కు గుర్తు కాదు, ఎముకలు బలహీనపడుతున్నాయని హెచ్చరిక. వెంటనే డాక్టర్‌కు చూపించాలి. అబ్బాయిల్లో అలాంటి గంట మోగదు. పదేపదే గాయాలు, ఎప్పుడూ చిరాకు, పెరగని బరువు ఉంటే అనుమానించాలి.

1932 ఒలింపిక్స్ నాటికి నుర్మి మారథాన్ పరిగెత్తి పరుగు జీవితం ముగించాలనుకున్నారు. పోటీల్లో పాల్గొనడానికి డబ్బు తీసుకున్నారనే ఆరోపణతో అంతర్జాతీయ సమాఖ్య ఆయనను నిషేధించింది. లాస్ ఏంజెలెస్ దాకా వెళ్లి ప్రేక్షకుడిగా కూర్చున్నారు. ఆ నిషేధానికీ మాత్రలకూ సంబంధం లేదు. తర్వాత హెల్సింకిలో బట్టల దుకాణం పెట్టి, అపార్ట్‌మెంట్లు కట్టి బాగా సంపాదించారు. 1952లో హెల్సింకిలో ఒలింపిక్స్ జరిగినప్పుడు జ్యోతి పట్టుకుని స్టేడియంలోకి పరిగెత్తుకుంటూ వచ్చింది, 55 ఏళ్ల నుర్మే. చివరి రోజుల్లో గుండె జబ్బు ఆయనను వదల్లేదు. 1968లో తన పేరు మీద ఒక ఫౌండేషన్ ఏర్పాటు చేసి, గుండె, రక్తనాళాల జబ్బుల పరిశోధనకు డబ్బు ఇచ్చారు. 1973 అక్టోబర్ 2న కన్నుమూశారు.

ఇక ఆ కొడుకు కథ. 1932లో నుర్మికి పెళ్లయింది, 1933లో మత్తి పుట్టాడు. బిడ్డ ఒళ్లోకి వచ్చీరాగానే వాడిని పరుగువీరుణ్ణి చేయాలని తండ్రి పట్టుబట్టారు. తల్లి సిల్వికి అది నచ్చలేదు. ఇంట్లో ఎప్పుడూ పరుగు గొడవే తప్ప మరో మాట లేదని ఆమెకు విసుగొచ్చింది. 1935లో ఇద్దరూ విడిపోయారు. మత్తి పెరిగాడు. పరుగులోకీ వచ్చాడు. తండ్రీకొడుకుల మధ్య దూరం మాత్రం అలాగే ఉండిపోయింది. తండ్రి పరుగు గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. మత్తి తండ్రిని మెచ్చుకున్నది వ్యాపారవేత్తగానే.

1957 జులై 11న నుర్మి సొంత ఊరు తుర్కులో 1,500 మీటర్ల పోటీ జరిగింది. ఒలావి అనే పేరున్న ముగ్గురు ఫిన్లాండ్ యువకులు సల్సొలా, సలోనెన్, వుఒరిసలో, ముగ్గురూ ఒకే పరుగులో అప్పటి ప్రపంచ రికార్డును దాటేశారు. స్టేడియం ఊగిపోయింది. వాళ్ల వెనక చాలా దూరంలో తొమ్మిదోవాడిగా మత్తి నుర్మి గీత దాటాడు. అతని జీవితంలో అదే అత్యుత్తమ సమయం. తండ్రి 1924లో నెలకొల్పిన రికార్డుకన్నా 2.2 సెకన్లు ఎక్కువ.